గడ్డి వీధి లస్కరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పే ప్రతి అంకెనూ మూడుతో భాగించుకోండి. మా ఆవిడ పాతికేళ్లుగా అదే చేస్తోంది, కాపురం సజావుగా సాగుతోంది. తెనాలిలో నా స్టేషనరీ కొట్టుకి వచ్చేవాళ్లకీ ఈ కిటుకు తెలుసు. ఒక్క నోటుపుస్తకం ధర దగ్గర మాత్రం భాగహారం చెల్లదు.

"అమెరికా అంతా చుట్టేశాను" అని కొట్టులో చెబుతున్నాను. నిజానికి రెండు వారాలూ ఒక్క వీధిలో ఉండి వచ్చాను. అరిజోనాలో, చాండ్లర్ శివార్లలో, మా చెల్లెలు సుజాత ఉండే వీధి. దేశం అంతా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వీధిని చూసినవాణ్ణి తెనాలి మొత్తానికి నేనొక్కణ్ణే.

డల్లాస్ నుంచి, కిటికీ పక్కన

డల్లాస్‌లో విమానం మారాక నా పక్క సీట్లో కరీంనగర్ అమ్మాయి కూర్చుంది. పేరు శ్రావణి, అక్కడెక్కడో ఎం.ఎస్. చదువుతోంది. నేను మాగాయ అన్నం డబ్బా తీసేసరికి వాసన పట్టేసింది.

"అంకుల్, మీరు తెలుగే కదా? ఏం చేస్తరు?"

స్టేషనరీ కొట్టు అని చెప్పడానికి ఆకాశంలో ముప్పై వేల అడుగుల ఎత్తున నోరు రాలేదు. "వ్యవసాయం. పదిహేనెకరాల మాగాణి" అన్నాను. ఎకరన్నర. అదీ కౌలుకిచ్చాం.

"అబ్బ! మా నాయినకు రెండెకరాలే అంకుల్, బోరు కింద. ఎండకాలం వస్తే బోరు దిక్కే చూస్కుంట కూసుంటడు. మీకేంది, కాలువ నీళ్లు."

నా మాగాయలో సగం ఆ అమ్మాయికి పెట్టాను. అది దాతృత్వం అనుకుంది. జరిమానా అని నాకొక్కడికే తెలుసు.

పడుకోవడానికి కట్టిన ఊరు

మా వైపు ఊరు అంటే పొలానికి వెళ్లి వచ్చేవాళ్లు ఉండేది. అక్కడ ఊరు అంటే పడుకుని లేచి వెళ్లిపోయేవాళ్లు ఉండేది. ఉదయం ఏడింటికి గ్యారేజీ తలుపులన్నీ ఒక్కసారి ఆవులిస్తాయి, కార్లు బయటికొస్తాయి, తలుపులు నోళ్లు మూసుకుంటాయి. సాయంత్రం ఆరింటికి మళ్లీ అదే ఆవులింత. మధ్యలో వీధిలో ఉండేవి ఒక పావురం, నేను. మూడో రోజుకి పావురం నాకు దారివ్వడం మానేసింది.

ఎంత నిశ్శబ్దం అంటే, నేను అప్పడం విరిస్తే నాలుగిళ్ల అవతల కుక్క మొరిగింది. ఇళ్లు మూడు వందలు (భాగించండి), అన్నీ గోధుమపిండి రంగు. ఆ రంగు దాటకూడదట. మా తెనాలిలో ఒకే ఇంటికి నాలుగు గోడలూ నాలుగు రంగులుంటాయని చెబితే మా బావగారు రఘు కళ్లు మెరిశాయి. ఆయన చిప్పులు చేసే కంపెనీలో ఇంజినీరు. ఆ చిప్పులు తినేవి కావని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

వీధి పేరు అల్ఫాల్ఫా. "ఏదైనా దేవత పేరా?" అని అడిగాను.

"లూసర్న్ గడ్డి అన్నయ్యా" అంది సుజాత. "పశువులకేసేది. ఇదంతా ఒకప్పుడు గడ్డి, పత్తి. పొలాలు పోయి పేర్లు మిగిలాయి."

అంటే మా చెల్లెలు అంత చదువుకుని, అంత దూరం వెళ్లి, ఆఖరికి గడ్డి వీధిలో కాపురం పెట్టింది. నాకెందుకో చాలా గర్వంగా అనిపించింది.

ఎవరి మజ్జిగ

మర్నాడు నడకకి వెళ్లి తిరిగొచ్చాను. గ్యారేజీ తెరిచి ఉంది, లోపల ఫ్రిజ్ ఉంది. గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉండటం అక్కడ మనవాళ్ల ఇంటి గుర్తు. తెరిచాను. బటర్‌మిల్క్ అని రాసిన అట్టపెట్టె. మా చెల్లెలు నా కోసమే తెప్పించిందనుకుని, గటగటా తాగేశాను. చిక్కగా, పుల్లగా ఉంది, ఉప్పు మాత్రం లేదు. "సుజీ, ఇందులో కాస్త ఉప్పు వెయ్యవే" అని కేకేశాను.

లోపలి తలుపు తీసుకుని ఎనభై ఏళ్ల తెల్లాయన చేతికర్రతో బయటికొచ్చాడు. ఇళ్లన్నీ ఒకే రంగులో కట్టినవాళ్లదే తప్పు గాని, నాది కాదు.

ఆయన నన్ను చూశాడు. పెట్టెను చూశాడు. నా మీసాన్ని చూశాడు. మాట్లాడింది ఇంగ్లీషే, నేను నా తెలుగులో చెబుతున్నాను.

"అది ఊరికే తాగేశావా?"

"క్షమించండి, ఇల్లు పొరపాటు..."

"అది కాదు. కేకులో కలపకుండా, ఊరికే నీళ్లలా తాగేవాణ్ణి మా నాన్న పోయాక నిన్నే చూస్తున్నాను. కూర్చో."

ఆయన పేరు డేల్. ఈ వీధి వాళ్ల నాన్న పత్తిచేను. చేను అమ్మినా ఇల్లు అమ్మలేదు, ఇళ్లు ఆయన చుట్టూ మొలిచాయి. కిటికీలోంచి వీధికిరువైపులా ఉన్న పెకాన్ చెట్లను చూపించాడు. మన అక్రోటు లాంటి కాయ, చెట్టు మాత్రం మా చింతలంత ఉంటుంది. ఎడారిలో ఆ నీడ చూస్తే ఎవరో గొడుగు మరిచిపోయి వెళ్లినట్టుంది.

"ఇవి ఎలా బతుకుతున్నాయి?" అన్నాను.

"కాలవ నీళ్లు" అన్నాడు.

కాలవ! నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఎక్కడో కొండల్లో ఆనకట్టలు కట్టి, కాలవ తవ్వి, పొలాలకిచ్చిన నీళ్ల హక్కు పొలాలు పోయినా పోలేదు. ఇప్పటికీ రెండు వారాలకోసారి గొట్టాల్లో ఈ వీధికొస్తాయి. ప్రతి పెరడూ ఒక మడి. చుట్టూ జానెడు గట్టు, మూల ఒక ఇనపమూత, దాని కింద తూము. ఇంటికి అరగంట చొప్పున వంతు. ఆ వంతు చీటీలు పెన్సిలుతో రాసి గేట్లకి తగిలించేది డేల్. నడుమెత్తు ఇనప తాళంచెవితో తూములు తీసి మూసేదీ డేల్. జీతం లేదు. నలభై ఏళ్లు.

మా కాలవ మీద తూములు తీసి మూసే ఉద్యోగిని లస్కరు అంటాం. అమెరికాలో, చిప్పుల కంపెనీల నడుమ, ఒక లస్కరు! నేను లేచి నిలబడ్డాను.

"నేనూ కాలవ కింద రైతునే" అన్నాను. "కృష్ణా డెల్టా. నలభై ఎకరాలు."

విమానం దిగాక పాతిక ఎకరాలు కలిశాయి.

ఈశాన్యం మూల

అసలు సంగతి ఆ సాయంత్రం సుజాత చెప్పింది.

"డేల్‌కి తుంటి ఆపరేషన్ అన్నయ్యా. తర్వాత టక్సన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఈ శనివారమే ఆయన ఆఖరి వంతు. ఆదివారం వీధి మీటింగ్. తాళం ఎవరూ తీసుకోకపోతే ఈ నీళ్ల లైన్ మూసెయ్యమని కాలవ కంపెనీకి లెటర్ రాసేస్తారు. చెట్లు రెండు ఎండాకాలాలు కూడా ఆగవు."

"మరి ఎవరైనా తీసుకోవచ్చుగా?"

సుజాత బావగారి వైపు చూసింది. బావగారు సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు.

"మొదట్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. రెండుసార్లు నీళ్లు రోడ్డెక్కాక అందరికీ విసుగొచ్చింది. రెండుసార్లూ మన ఇంట్లోంచే. మూడోసారి రోడ్డెక్కితే ఇక ఓటు కూడా అక్కర్లేదు."

కారణం పెరట్లో చూపించింది. ఈశాన్యం మూల గట్టు మూరెడు వెడల్పున కోసి ఉంది. గృహప్రవేశం అయిన ఏడాదికి వాట్సాప్‌లో ఒక సిద్ధాంతి ఫోటో చూసి, ఈశాన్యం ఎత్తుగా ఉందన్నాడట. ఈశాన్యం పల్లంగా ఉండాలి. బావగారు మనిషిని పెట్టి గట్టు కోయించాడు. మర్నెలలో ప్రమోషన్ వచ్చింది. ఆ మరుసటి వంతుకి నీళ్లు కాలిబాట దాటి రోడ్డు మీదికెళ్లాయి.

"తర్వాత పూడ్చాను బావగారూ" అన్నాడు ఆయన.

"దేంతో?"

"గులకరాళ్లతో. అంటే... గాలి ఆడుతుంది. వాస్తుకి పూర్తిగా బ్లాక్ చేసినట్టు ఉండదు."

"వాస్తుకి కనబడకుండా, నీళ్లకి కనబడేట్టు పూడ్చారన్నమాట."

మా మేనకోడలు మైత్రి పదహారేళ్లది, అక్కడే పుట్టింది. సోఫాలోంచి తలెత్తకుండానే, "డాడీ, ఇట్స్ లిటరల్లీ ఎ హోల్. నేను చెప్పాను కదా" అంది.

"శనివారం నేను చూసుకుంటాను" అన్నాను నేను. "డెల్టా మనిషిని. నా చేతిలో పార ఉంటే కృష్ణమ్మ కూడా పక్కకి తప్పుకుంటుంది."

సుజాత నన్ను ఎగాదిగా చూసింది. 

రెండు డాలర్ల గోంగూర

శుక్రవారం ఇండియన్ స్టోర్‌కి వెళ్లాం. గోంగూర కట్ట రెండు డాలర్లు. మునక్కాడ ఒక్కటి డాలరు. నేను దాన్ని భుజం మీద తుపాకీలా పెట్టుకుని కొట్టంతా తిరిగాను. మన పాతిక కిలోల బస్తాలు ఉండవు, తొమ్మిది కిలోల సోనామసూరి బస్తాలు ముద్దుగా, పిడితో ఉంటాయి. ఖాళీ అయినవి మా చెల్లెలు ఒక్కటీ పారేయదు. గ్యారేజీలో మడతపెట్టి పేర్చింది, నా లెక్కన తొంభై.

"ఎందుకే ఇవన్నీ?"

"ఏమో అన్నయ్యా. అమ్మ దాచేది, నేనూ దాస్తున్నాను."

దారిలో ఒకాయన పెట్టెబండిలో నారింజలు పెట్టుకుని, డబ్బులకి ఒక డబ్బా వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయాడు. ఐదు డాలర్లు వేసి సంచి తీసుకోవాలి, చూసేవాడు లేడు. మా దగ్గరైతే సాయంత్రానికి నారింజలే కాదు, బండీ ఉండదని నవ్వాను. తరవాత సిగ్గేసి ఒక డాలరు ఎక్కువ వేశాను.

శనివారం, ఏడుంబావు

మా వంతు ఏడుంబావుకి. డేల్ కర్ర ఆనించుకుని తూము తీశాడు. ఎర్రటి నీళ్లు బుడబుడమంటూ పైకొచ్చాయి. ఎడారి మధ్య ఆ చప్పుడు! నా ఒళ్లు పులకరించింది. సుజాత లోపల ఉప్మా పొయ్యి మీద పెట్టింది. పెరట్లో కరివేపాకు, మునగ, రెండు మామిళ్లు, పెద్ద పెకాన్ చెట్టు పాదాలు తడుపుకుంటున్నాయి.

పావుగంటకి ఈశాన్యం మూల గులకరాళ్లు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. ఆ తర్వాత అన్నీ కలిసి బయల్దేరాయి. గండి! మూరెడు గండి రెండు మూరలైంది, నా కళ్లకి ప్రకాశం బ్యారేజీ డెబ్భై గేట్లూ ఎత్తినట్టు కనిపించింది. నీళ్లు కాలిబాట వైపు నాలుక చాపాయి.

బావగారు తూము మూయడానికి పరుగెత్తాడు.

"మూయకు!" అని అరిచాడు డేల్. "పక్కింటిది తీయకుండా ఇది మూస్తే ఎగువన నీళ్లు పంచే పెట్టె పొంగి వీధంతా మునుగుతుంది!"

పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. డేల్ ఆ తుంటితో, ఆ కర్రతో, ఆ తాళం మోసుకుంటూ పక్కింటి తూము దాకా నడవాలి. ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలు నీళ్లు రోడ్డెక్కకుండా ఆగాలి.

అప్పుడు నేను పంచె ఎగ్గట్టాను. నడుంలోతు నీళ్లలో దూకాను (చీలమండ లోతు). "బస్తాలు!" అని గర్జించాను. బావగారు గ్యారేజీలోంచి బియ్యం బస్తాలు చంకలో పెట్టుకొచ్చాడు. ఆయన బస్తా నోరు తెరిచి పట్టుకుంటే నేను పారతో పూలపాదులోని మట్టి నింపాను. బావగారు మొదటి బస్తా తీసుకెళ్లి గండిలో పడేశాడు. అది గిర్రున తిరిగి రోడ్డు వైపు ఈదుకుంటూ పోయింది.

"గండిలో వెయ్యకూడదు, గండికి ముందు వెయ్యాలి!" అన్నాను. మా నాన్న మాట అది. పారే నీటికి ఎదురుగా పెడితే నీ మట్టీ నీటిదే అయిపోతుంది. దానికి ముందు, రెండడుగులు లోపలికి, నెలవంకలా కట్టు చుట్టుకురావాలి. నీటికి వేగం తగ్గాక అది నీ మాట వింటుంది. అలాగే ఒక్కొక్క బస్తా పెట్టి మడమతో తొక్కాను. బస్తాల సందుల్లో గడ్డిచెక్కలు వేర్లతో సహా పెళ్లగించి కుక్కాను. ఐదో బస్తాకి ధార సన్నబడింది. ఏడో బస్తాకి ఆగింది.

వంటింటి కిటికీలోంచి సుజాత "జాగ్రత్త! జాగ్రత్త!" అని అరుస్తూనే ఉంది. అరుపుల్లో పడి ఉప్మా మాడ్చేసింది.

డేల్ తిరిగొచ్చి కాలిబాట మీద వంగి చూశాడు. తడి, రోడ్డు అంచుకి నాలుగు వేళ్ల ఇవతల ఆగిపోయి ఉంది. ఆయన ఆ నాలుగు వేళ్లనీ తన వేళ్లతోనే కొలిచాడు. తరవాత తాళం నా వైపు చాచాడు. నేను ఎంతో హుందాగా, "మంగళవారం నా ప్రయాణం. మా చెల్లెలికివ్వండి. అదే రక్తం" అన్నాను.

మడత కుర్చీల సభ

ఆదివారం డేల్ ఇంటి ముందు కాలవ వంతున్న ఇరవై నాలుగిళ్లవాళ్లూ ఎవరి మడత కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూర్చున్నారు. లైన్ మూసేస్తే గొడవ ఉండదని ఒక తెల్లజుట్టావిడ అంది. చాలా తలలు ఊగాయి.

బావగారు లేచాడు. ఆఫీసులో ఎలా మాట్లాడతాడో తెలియదు గాని, ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రెండుసార్లు నీళ్లు వదిలింది నేనే. గట్టు కోశాను. మా నమ్మకంలో ఈశాన్యం దేవుడి మూల, అది పల్లంగా ఉండాలి. తప్పు నాది, చెట్లది కాదు."

డేల్ గొంతు సవరించుకున్నాడు. "దేవుడికి మూల కావాలంటే ఇచ్చుకో అబ్బాయ్. గట్టు మాత్రం నాకివ్వు."

అందరూ నవ్వారు. తెల్లజుట్టావిడ కూడా నవ్వింది. అప్పుడు సుజాత లేచింది.

"ఈ చెట్లు నేను రాకముందు నుంచీ ఉన్నాయి. ఎవరో వాటికి నీళ్లు కట్టబట్టి నేను నీడలో కారు పెట్టుకుంటున్నాను. తాళం నేను తీసుకుంటాను. చీటీలు పెన్సిలుతోనే రాస్తాను. ఎవరింట్లో గండి పడినా ఫోన్ చెయ్యండి, బస్తాలు నా దగ్గర చాలా ఉన్నాయి."

పంతొమ్మిది చేతులు లేచాయి. లైన్ బతికింది. నేనూ ఉత్సాహంగా చెయ్యెత్తితే మైత్రి లాగి దింపింది. "మామయ్యా, నువ్వు విజిటర్. యూ కాంట్ ఓట్!"

భాగించకూడనిది

ఇంతవరకూ చెప్పినదాంట్లో పెంచినవన్నీ మీరు తగ్గించుకోగలరు. బస్తాలు ముప్పై, ఇళ్లు వంద, నలభై ఎకరాలకి మాత్రం మూడు సరిపోదు. కాని ఒక్కటి పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. మైత్రి తీసిన వీడియో మా బంధువుల గ్రూపులన్నీ తిరిగింది కాబట్టి ఒప్పుకోక తప్పదు. వీడియో లేకపోయినా ఒప్పుకునేవాణ్ణేమో. ఏమో.

నీళ్లలో దిగింది నేను కాదు, సుజాత.

చుడీదారు మోకాళ్ల దాకా ఎగ్గట్టి, చెప్పులు గిరాటేసి, నా చేతిలోని పార లాక్కుని దిగింది. "బస్తాలు!" అన్నది తనే. గండికి ముందు వెయ్యాలన్నదీ తనే. "లోపలికెళ్లి ఉప్మా చూడు అన్నయ్యా, ఇక్కడ అడ్డం" అని నన్ను పంపేసింది. కిటికీలోంచి జాగ్రత్త జాగ్రత్త అని అరిచింది నేను. ఉప్మా మాడ్చింది నేను.

డేల్ తాళం నా వైపు చాచనే లేదు. నేరుగా సుజాత చేతిలో పెట్టాడు.

చిన్నప్పుడు మా నాన్న నీళ్లు కట్టడానికి మొదట నన్నే తీసుకెళ్లేవాడు. నాకు జలగలంటే భయం. గట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. రెండో ఏడు నుంచి సుజాత వెళ్లింది. ఊళ్లో మాత్రం అందరికీ నేను కట్టానని చెప్పుకునేవాణ్ణి. అది విని నవ్వేదేగాని, ఒక్కనాడూ కాదనలేదు. ఈ సారీ, "నువ్వు ఎలా రాసుకుంటావో రాసుకో అన్నయ్యా" అని విమానం ఎక్కించింది. అలాగే రాసుకొచ్చాను, ఇక్కడిదాకా.

ఆ శనివారం మాడిన ఉప్మా తింటూ డేల్ నన్నడిగాడు. "మీ చెల్లెలికి ఎవరు నేర్పారు?"

"మా నాన్న" అన్నాను. "నాకూ నేర్పబోయాడు. నాది స్టేషనరీ కొట్టు."

ఆయన చాలాసేపు నవ్వాడు. తరవాత పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న సుజాతని చూస్తూ, గండిలో కాకుండా గండికి ముందు మట్టి వేసినవాళ్లని తన జన్మలో ఇద్దర్నే చూశానన్నాడు. ఒకరు వాళ్ల నాన్న.

ఈ రెండుని మాత్రం దేంతోనూ భాగించకండి.